ఆట ముగిసిన పిమ్మట

పాఠము ముగిసినచో ఆటకు పంపుదునని పిల్లలను ఊరించుట మన బడులలో పాత అలవాటు. ఆటయే పాఠము కారాదా? వామనగుంతల పీటను చూడుడు. వరుసకు 7 చొప్పున 14 గుంతలు. గుంతకు 4 చింతగింజలు వేసినచో మొత్తము 56. గింజలను చేతికెత్తుకొనకముందే, ఒక్కొక్కటిగా పంచినచో చివరిది ఎచ్చట పడునో మనసున లెక్కించు బాలిక, తరగతిలో ఎక్కములకు తడబడునదే కావచ్చును. ఆటలో తప్పినందుకు ఆమెను గద్దించువారు లేరు. కనుకనే మరల యత్నించును. పరీక్షాపత్రములోని తప్పునకు ఆ మన్నన ఏది?

అయితే ఆడించినంత మాత్రమున చదువు రాదు. ఆట ముగిసిన పిమ్మట, "అమ్మా, ఆ గుంతనే ఎందుకెంచుకొంటివి?" అని ఉపాధ్యాయుడు అడుగవలెను. ఆమె వెదకి చెప్పు సమాధానమే చదువు. ఆటకును మార్కులు వేయబూనితిమా, ఆటయు పోవును, చదువును పోవును.