ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ మాట ఎత్తే ముందు ఇవి చూడండి

ఏప్రిల్ నెల పడిందంటే చాలు, మన జహీరాబాదులో ఏ వీధికి వెళ్ళినా ఒకటే మాట. "ఏసీ తిరుగుతోంది గానీ చల్లగా రావడం లేదు వదినా" అని ఒకరంటే, "గ్యాస్ అయిపోయి ఉంటుంది, నింపిస్తే సరి" అని పక్కింటావిడ అంటుంది. మెకానిక్ వస్తాడు, గ్యాస్ నింపుతాడు, వేల రూపాయలు పుచ్చుకుని వెళతాడు. ఆ ఎండాకాలం ఎలాగో గడిచిపోతుంది. మళ్ళీ ఏడాది అదే మాట, అదే ఖర్చు.

ఇక్కడ మనం ఒక్క సంగతి ఆలోచించాలి. ఏసీలో గ్యాస్ వంటింట్లో సిలిండరు లాగా వాడితే అయిపోయేది కాదు. మన ఇంట్లో ఫ్రిజ్ పదేళ్ళు, పన్నెండేళ్ళు పనిచేస్తుంది. దానికి ఏటా గ్యాస్ నింపిస్తున్నామా? లేదు కదా! ఫ్రిజ్ లోపల జరిగేదే ఏసీలోనూ జరుగుతుంది. మరి ఒకదానికి లేని ఖర్చు ఇంకొకదానికి ఎందుకు?

చేదబావిని తలుచుకోండి. బొక్కెన కిందికి దిగుతుంది, నీళ్ళు నింపుకుని పైకి వస్తుంది, ఒంపి మళ్ళీ దిగుతుంది. నీళ్ళు మారతాయి గానీ బొక్కెన అదే. ఏసీలో గ్యాస్ ఆ బొక్కెన లాంటిది. గదిలోని వేడిని మోసుకుపోయి బయటి పెట్టెలో ఒంపి తిరిగి వస్తుంది. బయట ఉండే కంప్రెసర్ దాన్ని తిప్పుతూ ఉంటుంది. అంటే ఏసీ చల్లదనం తయారుచేసే యంత్రం కాదు, ఇంట్లో వేడిని ఎత్తి బయట పోసే యంత్రం. ఈ మాట గుర్తుంటే చల్లబడకపోవడానికి కారణాలు మనమే సగం కనిపెట్టవచ్చు. వేడిని సరిగా ఎత్తుకోవడం లేదా? బయట సరిగా ఒంపడం లేదా? లేక గదిలోకి వచ్చే వేడే ఎక్కువగా ఉందా? ఈ మూడూ చూశాకే గ్యాస్ సంగతి.

మొదట రిమోట్

నవ్వకండి, చాలా ఇళ్ళలో తప్పు ఇక్కడే ఉంటుంది. పిల్లలు రిమోట్ నొక్కుతూ ఉంటారు. తెరమీద మంచుపువ్వు గుర్తు ఉంటేనే చల్లబరిచే పద్ధతి. నీటిబొట్టు గుర్తు ఉంటే అది తేమ తీసే పద్ధతి, ఫ్యాను గుర్తు ఉంటే ఒట్టి గాలే. మంచుపువ్వు పెట్టి, ఫ్యాను వేగం పెంచి, 24 దగ్గర ఉంచండి. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తులున్న ఏసీలన్నీ మొదట వేయగానే 24 డిగ్రీల మీదే ఉండేలా కంపెనీలు తయారుచేయాలని నియమం కూడా వచ్చింది. 16 పెట్టినంత మాత్రాన రెండింతలు చల్లగా రాదు. ఆపకుండా తిరిగి మీటరు మాత్రం పరుగెడుతుంది.

ఇంకొక మాట. కరెంటు పోయి వచ్చాక ఏసీ వేస్తే వెంటనే చల్లగాలి రాదు. కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది. అది దాని రక్షణ కోసమే. ఆ మూడు నిమిషాల్లో పదిసార్లు ఆపి వేయకండి.

జాలీ కడిగి ఎన్నాళ్ళయింది?

గదిలో ఉండే పెట్టె మూత పైకెత్తితే సన్నటి జాలీలు ఉంటాయి. వాటినే ఫిల్టర్లు అంటారు. మనది ఎర్రమట్టి నేల. పైగా ముంబయి రోడ్డు, అంటే ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి, మన జహీరాబాద్ మీదుగానే పోతుంది. లారీలు లేపే దుమ్ము, చెరకు బండ్ల దుమ్ము, వంటింటి పోపు జిడ్డు అన్నీ ఆ జాలీ మీద చేరతాయి. జాలీ మూసుకుపోతే గాలి ఆడదు, గాలి ఆడకపోతే గదిలో వేడిని బొక్కెన ఎత్తుకోలేదు.

స్విచ్చి ఆపి, జాలీలు బయటికి తీసి, పంపు కింద మామూలు నీళ్ళతో వెనక వైపు నుంచి కడగండి. జిడ్డు ఉంటే నాలుగు చుక్కల సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్షు చాలు. వేడినీళ్ళు పోయకండి, ఎండలో ఆరేయకండి, వంకర్లు పోతాయి. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. ఎండాకాలం పదిహేను రోజులకు ఒకసారి ఈ పని చేయాలి. రోడ్డు పక్క ఇల్లయితే వారానికొకసారి చేసినా ఎక్కువ కాదు.

జాలీ వెనుక సన్నటి రేకులు కనిపిస్తాయి. వాటి మీద మంచు కట్టి ఉంటే ఏసీని చల్లబరిచే పద్ధతి నుంచి తప్పించి, ఫ్యాను గుర్తు మీద గంటో రెండు గంటలో నడపండి. కరిగిపోతుంది. చాకుతోనో చెంచాతోనో గోకవద్దు, రేకులు చెడిపోతాయి. మంచు కట్టడానికి ఎక్కువసార్లు మురికి జాలీయే కారణం. జాలీ శుభ్రంగా ఉన్నా మళ్ళీ కడితే అప్పుడు మెకానిక్ చూడాలి.

బయటి పెట్టెకు ఊపిరి ఆడాలి

వేడిని ఒంపేది ఇక్కడే. ఏసీ వేసి ఉన్నప్పుడు దాని ముందు చేయి పెట్టండి. వేడిగాలి జోరుగా రావాలి. ఫ్యాను తిరుగుతున్నా వచ్చేది మామూలు గాలే అయితే కంప్రెసర్ పనిచేయడం లేదని అర్థం. బాల్కనీలో ఆ పెట్టె ముందు బట్టలు ఆరేయడం, పాత సామాన్లు పేర్చడం, చలికాలంలో కప్పిన గోనెపట్టా తీయడం మరిచిపోవడం, వెనక పిచ్చుక గూడు పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. వదిలిన వేడిగాలినే అది మళ్ళీ పీల్చుకుంటే గది ఎలా చల్లబడుతుంది? ముందు, వెనక జాగా ఉంచండి. పడమటి ఎండ నేరుగా పడుతుంటే పైన చిన్న సజ్జ వేయించండి గానీ నలువైపులా మూయవద్దు.

ఆ పెట్టె రేకులు కడిగించే పని ఏడాదికి రెండుసార్లు మెకానిక్‌తో చేయించండి. మూత మనం విప్పకూడదు. అందులో కెపాసిటర్ అనే భాగం ఉంటుంది. స్విచ్చి ఆపాక కూడా దానిలో కరెంటు నిలిచి ఉండి షాక్ కొడుతుంది. పాత రకం ఏసీల్లో ఈ కెపాసిటర్ బలహీనపడితే కంప్రెసర్ "గుర్రు"మని మూలుగుతుంది గానీ తిరగదు. అది కొన్ని వందల్లో మారిపోయే భాగం. దానికీ గ్యాసుకీ సంబంధమే లేదు.

సాయంత్రం పూట మాత్రమే చల్లగా లేకపోతే

అందరూ ఒకేసారి ఏసీలు, మోటార్లు వేసే వేళ ఓల్టేజి పడిపోతుంది. కంప్రెసర్ లేవలేక ఒట్టి ఫ్యానే తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక బాగా చల్లబడుతుంటే తప్పు ఏసీలో ఉండకపోవచ్చు. స్టెబిలైజర్ మీద అంకె చూడండి. 230 దగ్గర ఉండాల్సింది బాగా పడిపోతుంటే 1912కి ఫోను చేసి కరెంటు వారికి చెప్పండి. నాలుగిళ్ళవారూ కలిసి చెబితే ఇంకా మంచిది.

గదిని కూడా చూడండి

కొందరు చల్లదనం చాలదని ఏసీతోపాటు కూలర్ కూడా వేస్తారు. ఇది బొత్తిగా పనికిరాదు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో పొడివేడి. పొడిగాలిలో కూలర్ బాగా పనిచేస్తుంది, కానీ దానికి కిటికీలు తెరిచి ఉండాలి. ఏసీకి తలుపులన్నీ మూసి ఉండాలి. పైగా కూలర్ గదిలోకి తేమ తెస్తుంది. ఆ తేమను నీరుగా మార్చి బయటికి పంపడానికే ఏసీ బలం సగం ఖర్చయిపోతుంది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఏసీ యంత్రానికి రూపం ఇచ్చింది కూడా మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకు కాగితం సాగిపోతుంటే, ఆ తేమ తగ్గించడానికి! కనుక రెండింటిలో ఏదో ఒకటే వేయండి.

పై అంతస్తు అయితే రోజంతా కాగిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడి దింపుతూనే ఉంటుంది. డాబా మీద తెల్ల సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్ల రంగో వేయిస్తే గదిలో తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. తలుపు కింద సందుకు పాత చీరతో చుట్ట చేసి పెట్టండి. పడమటి కిటికీకి మందపాటి తెర కట్టండి. గది పెద్దదై ఏసీ చిన్నదైనా చల్లబడదు. సాధారణంగా 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా ఒకటిన్నర టన్నులు అని లెక్క చెబుతారు. పై అంతస్తుకు ఇంకాస్త ఎక్కువే కావాలి.

ఒక చిన్న పరీక్ష

గది వేడి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. జ్వరం చూసేది పనికిరాదు. గది వేడిగా ఉన్నప్పుడు, తలుపులు మూసి, ఏసీని 18 మీద పావుగంట నడపండి. గాలి లోపలికి వెళ్ళే పైభాగంలో ఒకసారి, చల్లగాలి వచ్చే నోటి దగ్గర ఒకసారి చూడండి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల దాకా తేడా ఉంటే మీ ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. లోపం గదిలో వెతకాలి. జాలీ కడిగాక, బయటి పెట్టెకు గాలి ఆడుతున్నా తేడా 5 డిగ్రీలు కూడా రాకపోతే అప్పుడు మెకానిక్‌ను పిలవండి. ఆ అంకెలు కాగితం మీద రాసి అతనికి చూపించండి. అంకెలు చెప్పేవారితో మాట మారుతుంది, చూడండి!

మెకానిక్‌ను అడగవలసినవి

మంచి మెకానిక్‌లు చాలామందే ఉన్నారు. అడిగితే వారు కోప్పడరు, సంతోషిస్తారు. "గ్యాస్ తగ్గింది" అంటే మీరు మొదట అడగాల్సింది "ఎక్కడ కారింది?" అని. బొక్కెనకు చిల్లి పడితేనే నీళ్ళు కారతాయి. చిల్లి మూయకుండా నింపితే ఆ డబ్బు గాలిలో కలిసినట్టే. రాగి పైపులు కలిసే చోట జిడ్డు, దాని మీద దుమ్ము కనిపిస్తే అక్కడ కారుతోందని అనుమానించవచ్చు. గ్యాసుతోపాటు కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది మరి. ఇల్లు మారినప్పుడు ఏసీ విప్పి బిగించిన చోటే ఇది ఎక్కువగా జరుగుతుంది.

చిల్లి కనుక్కోవడానికి పైపులో నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, అతుకుల మీద సబ్బు నురుగు రాసి బుడగలు చూస్తారు. మూశాక పంపుతో లోపలి గాలి, తేమ పూర్తిగా లాగేయాలి. ఆ తర్వాత గ్యాసును కాటా మీద తూచి ఎక్కించాలి. ఎంత ఎక్కించాలో, ఏ గ్యాసో బయటి పెట్టె మీద రేకు పట్టీలో రాసి ఉంటుంది. చేత్తో పట్టి చూసి "సరిపోయింది" అనేది లెక్క కాదు. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే.

పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది. అది ఓజోన్ పొరకు చెరుపు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలు తగ్గించుకుంటూ వస్తున్నాయి. కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-32, కొన్నింటిలో ఆర్-290 ఉంటున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి పోయడం, కలపడం ప్రమాదం. ఆర్-32 కొద్దిగా అంటుకునే గుణం ఉన్నది. ఆర్-290 అయితే ప్రొపేన్, మన వంటగ్యాసులో ఉండేదే! ఆ పని జరుగుతున్నంతసేపు కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గర్లో దీపం, అగరువత్తి, బీడీ, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. గ్యాసు పూర్తిగా తీయకుండా పైపుకు మంట పెట్టబోతే ఆపమని చెప్పండి. ఇంట్లో మగవాళ్ళు లేకపోయినా ఈ మాట చెప్పడానికి జంకవద్దు. ఇల్లు మనది, పిల్లలు మనవాళ్ళు.

బిల్లు మీద గ్యాసు పేరు, ఎన్ని గ్రాములు, చిల్లి ఎక్కడ మూశారు అన్నవి రాయించి తీసుకోండి. ఆ కాగితం బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. ఏడాదిలోగా మళ్ళీ అదే మాట వస్తే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

బాగయ్యేదాకా

మెకానిక్ రావడానికి రెండు రోజులు పట్టవచ్చు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ రెండు రోజులు జాగ్రత్త. వారిని కింది అంతస్తులో, బండలు పరిచిన గదిలో పడుకోబెట్టండి. పగలు కిటికీలు మూసి, చీకటి పడ్డాక తెరవండి. ఏసీ ఆపేసి ఉంటుంది కనుక అప్పుడు కూలర్ నిక్షేపంగా వేసుకోవచ్చు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, నిమ్మరసం పెద్దవాళ్ళకు తరచుగా ఇవ్వండి. ఆరు నెలలలోపు పసివాళ్ళకు తల్లిపాలే ఎక్కువసార్లు పట్టండి. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మగతగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, వెంటనే 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయకండి.

ఈ ఆదివారం ఒక గంట తీరిక చేసుకుని జాలీలు కడిగి, బయటి పెట్టె ముందు సామాను తీసేసి, థర్మామీటరు పరీక్ష ఒకసారి చేయండి. చాలామందికి గ్యాస్ ఖర్చు తప్పుతుంది. తప్పనివారికి కనీసం ఆ డబ్బు దేనికి ఇస్తున్నామో తెలుస్తుంది.