పదకొండు పావులు ఏం తప్పు చేశాయి?

ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు 11/4ను చిటికెలో మిశ్రమ భిన్నంగా మార్చి 2¾ అని రాసింది. నోటుపుస్తకంలో టిక్కు కూడా పడింది. "పదకొండు బై నాలుగంటే ఏంటమ్మా?" అని అడిగాను. "రొట్టెను నాలుగు ముక్కలు చేసి పదకొండు తీసుకోవడం తాతయ్యా. కానీ ఉన్నవే నాలుగు కదా!" అంది.

ఆ పిల్ల బళ్లో చెప్పిన నిర్వచనాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ నిర్వచనమే 11/4 దగ్గర కూలిపోయింది. కూలిన సంగతి దాచి, దాని మీద ఒక కిటుకు కప్పి, మార్కులు వేసి పై తరగతికి పంపుతున్నాం. దీన్ని చదువు అంటే నేను ఒప్పుకోను.

ఆ కిటుకేమిటో అందరికీ తెలుసు. 2¾ను తిరిగి 11/4 చేయాలంటే బాణం గీసి "హారంతో గుణించు, లవం కూడు, పైన రాయి" అంటారు. ఎందుకు గుణించాలో ఎవరూ చెప్పరు. రెండు నిండు రొట్టెల్లో ఎనిమిది పావులుంటాయి, వాటికి ఇంకో మూడు కలిస్తే పదకొండు. ఈ ఒక్క మాట చెప్పడానికి తీరిక లేదా మనకి?

ఇదే పిల్లను పాలకు పంపండి. అరలీటరు ప్యాకెట్లు ఐదు తెచ్చి "రెండున్నర లీటర్లు" అంటుంది. 5/2, 2½ ఒకటేనని ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒకటింబావు, రెండున్నర, మూడు ముప్పావు అంటూ మన ఇళ్లల్లో రోజూ వినబడేవన్నీ మిశ్రమ భిన్నాలే. "నాలుగింట పదకొండు వంతులు" అంటే పిల్లల బుర్ర తిరుగుతుంది. "పదకొండు పావులు" అంటే వేళ్ల మీద లెక్కపెడతారు. పావు అనేది లెక్కపెట్టదగిన వస్తువు అని ముందు తెలియాలి. మిగతా పాఠమంతా దాని వెనకే నడిచి వస్తుంది.

ఇక 11/4 లాంటి వాటికి పెట్టిన పేరు! 'అపక్రమ' భిన్నమట. అంటే క్రమం తప్పినదని. ఏ క్రమం తప్పింది? జవాబు 11/4గానే వదిలేస్తే మార్కు కోసేస్తారు. అదే పిల్ల పదో తరగతిలో సరళరేఖ వాలు 11/4 అని రాస్తే అప్పుడు అదే సరైన రూపం. అడ్డంగా నాలుగు జరిగితే నిలువుగా పదకొండు పెరుగుతుందని 11/4 సూటిగా చెబుతుంది. 2¾లో ఆ సంగతి కనబడదు. నాలుగేళ్లలో ఆ సంఖ్య ఏం మారింది? మనం వేసిన నింద తప్ప!

2¾లో రెండుకీ ముప్పావుకీ నడుమ కూడిక గుర్తు దాగి ఉందని కూడా చెప్పం. తర్వాత బీజగణితంలో 2x వస్తుంది, అదే చోట గుణకారం దాగి ఉంటుంది. దాగిన ఆ కూడిక తెలియకే 2½ను మూడుతో గుణించమంటే 6½ అని రాస్తారు. రావలసింది 7½. ఆ తప్పు పిల్లలది కాదు, మనది.

మన పెద్దలు ఇంత మొరటుగా చెప్పలేదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో పూర్ణాంకానికి భాగం కలిస్తే భాగానుబంధమన్నాడు, భాగం తగ్గితే భాగాపవాహమన్నాడు. అన్నిటినీ ఒకే హారానికి తేవడం సవర్ణనం, అంటే ఒకే రంగులోకి తేవడం. ఆ గ్రంథాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆ పేర్లలో పని కనబడుతుంది, నింద లేదు.

"సిలబస్ అవదండీ" అంటారు. ఆరో తరగతిలో ఒక్క వారం మిగుల్చుకుని, ఏడులో భిన్నాల గుణకారాన్నీ ఎనిమిదిలో అకరణీయ సంఖ్యలనూ మళ్లీ మొదటినుంచి మొత్తుకుంటున్నది ఎవరు? ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి 'గణిత ప్రకాశ్'లోని భిన్నాల పాఠం భిన్న ప్రమాణాలతో, వాటితో కొలవడంతో మొదలై, సంఖ్యారేఖ దాటాకే మిశ్రమ భిన్నాలకు వస్తుంది. దారి ఉంది. నల్లబల్ల మీద ఆ బాణం చెరిపే చేయి కావాలి.

ఉపాధ్యాయులారా, ఒక్క వారం ఆ బాణం గీయకండి. కాగితాలు మడతపెట్టించండి. మూడు పావులు, నాలుగు పావులు, ఐదు పావులు అంటూ ఒకటి దాటించి లెక్కపెట్టించండి. సంఖ్యారేఖ మీద 11/4 ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. రెండు రూపాలకూ మార్కు వేయండి.

ఆ సాయంత్రం మా మనవరాలి ముందు పదకొండు కాగితపు పావులు పోశాను. నాలుగొకచోట, నాలుగొకచోట పేర్చి, మిగిలిన మూడింటినీ చూస్తూ ఆగింది. "ఇంకొక్కటుంటే మూడయ్యేది తాతయ్యా! ఇది పావు తక్కువ మూడు" అంది. మహావీరాచార్యుడి భాగాపవాహాన్ని ఏ బాణమూ లేకుండా తనే పట్టుకుంది. ఈ తెలివినే మనం ఏళ్ల తరబడి టిక్కుల కింద పాతిపెడుతున్నాం.