ఊరు వేరు, స్టేషను వేరు

మా సామర్లకోటలో స్టేషనంటే రైలు స్టేషనే. విజయవాడ - విశాఖపట్నం మార్గం నుండి కాకినాడకు దారి చీలే కూడలి మాది. అయినను "అయ్యగారు ఔటాఫ్ స్టేషన్" అంటే ఇక్కడెవరూ ప్లాట్‌ఫారం వైపు చూడరు. ఆయన ఊళ్ళో లేరని గ్రహిస్తారు. ఈ పలుకుబడి ఇంగ్లండులో చెల్లదు గనుక తప్పు అని కొందరు పరిహసిస్తూంటారు. ఆ పరిహాసం నాకు సమ్మతం కాదు.

యూల్, బర్నెల్ కూర్చగా 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు స్టేషన్ అనే మాటకు అర్థం చెప్పింది: జిల్లాలోని ఆంగ్లాధికారులో, సేనాధికారులో నివసించే చోటు అని. ఆ బర్నెల్ మన మదరాసు రాజధానిలో కొలువు చేసినవాడే. అట్టి చోటు విడిచి వెళ్ళిన అధికారి ఔటాఫ్ స్టేషన్. ఊటీని హిల్ స్టేషన్ అనడంలోనూ ఆ పాత అర్థమే నిలిచి ఉంది. రైలుతో దానికి నిమిత్తం లేదు. ప్రభుత్వోద్యోగులు స్టేషను విడిచి వెళ్ళడానికి అనుమతి కోరడం నేటికీ ఉన్నదే. కనుక ఇది తప్పు కాదు, భారతీయాంగ్లంలో ఒక మాండలికం. మన గోదావరి యాసను వెక్కిరిస్తే నొచ్చుకొనే మనం దీనిని వెక్కిరించడం న్యాయమా?

మరొక ముచ్చట. లాటిన్ నుండి వచ్చిన స్టేషన్, మన 'స్థానం' ఒకే మూలధాతువు సంతానమని భాషాశాస్త్రజ్ఞుల మాట. నిలుచుట అని దాని అర్థం.

అయితే తెలుగు మాటల నడుమ ఈ పలుకుబడిని దొర్లించడం వేరు సంగతి. స్టేషను అంటే నియమించబడిన చోటు. రేపు బదిలీ కావచ్చు. ఊరు అట్టిది కాదు. తాతల నాటి చేను దున్నుకొనే రైతును ఎవరు ఎక్కడికి బదిలీ చేస్తారు? ఆయనను ఔటాఫ్ స్టేషన్ అనడం ఇంటి యజమానిని అద్దెకున్నవాడనడం వంటిది.

పైగా ఒట్టి "లేరు" అమంగళమని "ఊళ్ళో లేరు" అనడం పెద్దలు నేర్పిన మర్యాద. "ఊరెళ్ళారు" అంటే మరీ ముచ్చట: ఊరు విడవడాన్నే ఊరు వెళ్ళడమన్నారు మనవాళ్ళు! గుమ్మంలోని పసివాడు ఈ రెండు మాటలూ మరిస్తే పోయేది పదాలు మాత్రమే కాదు, ఊరితో మనకున్న సంబంధాన్ని చెప్పే తీరు కూడా.

ఇంగ్లీషులో నిస్సంకోచంగా ఔటాఫ్ స్టేషన్ అనండి. తెలుగులో మాత్రం ఊళ్ళో లేరనే చెప్పండి. ఇందుకు మీ ప్రాంతాలలో ఇంకేమైనా పలుకుబళ్ళుంటే తెలుపగోరుతాను.