వంటింట్లో సాధకం

సంగీతం నేర్చుకునే ఇంట్లో తెల్లవారుతూనే సరళీస్వరాలు వినిపిస్తాయి. కచేరీ ఏడాదికో, రెండేళ్లకో! సాధకం మాత్రం రోజూ ఉండాల్సిందే. నిన్న పలికిన స్వరమే ఇవాళా, ఇవాళ పలికిందే రేపూ. వినేవాళ్లకు విసుగు పుడుతుంది. పాడే పిల్లకూ పుడుతుంది. అయినా గురువు వదలడు. ఆ విసుగు దాటాకే గొంతులో శ్రుతి నిలుస్తుందని ఆయనకు తెలుసు.

తెలుగు బైబిల్లోనూ ఈ ‘సాధకం’ అన్న మాట ఉంది. తిమోతికి రాసిన మొదటి లేఖ నాలుగో అధ్యాయంలో పౌలు, భక్తికి కూడా సాధకం కావాలని ఆ యువ సేవకుడికి బోధిస్తాడు. మూలమైన గ్రీకులో అక్కడున్నది క్రీడాకారుల కసరత్తుకు వాడే మాట. జిమ్నాజియం అన్న పేరుకూ అదే కుదురు. విశ్వాసం ఒకనాటి ఆవేశంలో సంపాదించి బీరువాలో దాచుకునే నగలాంటిది కాదు. కండలాగా, గొంతులాగా రోజూ పనిపెడితేనే బలపడుతుంది.

ఇంకా చీకటి ఉండగానే యేసు లేచి, ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థించేవాడని సువార్తలు చెబుతాయి. దానియేలు రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు కిటికీ తెరచి మోకరించేవాడు. ప్రార్థిస్తే సింహాల గుహలో పడేస్తామని రాజశాసనం వచ్చినప్పుడూ ఎప్పటిలాగే మోకరించాడు. ఆపద వచ్చిన రోజున ఆయన కొత్తగా ధైర్యం వెతుక్కోలేదు. మామూలు రోజుల్లో పడిన అలవాటే ఆనాడు ఆయనను నిలబెట్టింది.

తెలుగునాట చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఈ క్రమం కనిపిస్తుంది. పొద్దున వాక్యపఠనం, రాత్రి భోజనానికి ముందో తర్వాతో కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం. కొన్ని ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని గుడికి తీసుకెళ్లి ఇస్తారు. ఇంట్లో ఉన్నది కొంచెమే అయినా ఆ గుప్పెడు ఆగదు. అదీ సాధకమే.

అయితే, ఏళ్ల తరబడి ఇవన్నీ పాటించేవారిని కూడా ఒక ప్రశ్న వేధిస్తుంటుంది. పెదవులు ప్రార్థన పలుకుతుంటాయి. మనసు పిల్లల ఫీజుల దగ్గరో, పొద్దున ఆఫీసులో పడిన మాటల దగ్గరో తిరుగుతుంటుంది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి కానీ గుండె కదలదు. ‘ఇది భక్తేనా, ఉత్త అలవాటా? దేవుడి ముందు నటిస్తున్నానా?’ అన్న అనుమానం మొదలవుతుంది. చాలామంది సాధన ఆగిపోయేది ఇక్కడే.

పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో ఒక వంటవాడు ఈ ప్రశ్నతోనే పదేళ్లు గడిపాడు. ఆయన పేరు నికొలాస్ హెర్మన్. లొరేన్ ప్రాంతంలో పేదింట పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో, ఒక చలికాలం, ఆకులన్నీ రాలిన చెట్టును చూశాడు. కొన్నాళ్లకు అది మళ్లీ చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అన్న తలపు రాగానే దేవుడి శక్తి మీద గురి కుదిరింది. తర్వాత సైన్యంలో చేరి యుద్ధంలో గాయపడ్డాడు. ఆ కుంటితనం జీవితాంతం ఉండిపోయింది. కొన్నాళ్లు ఒక పెద్దమనిషి ఇంట్లో పనికి కుదిరాడు కానీ, ముట్టుకున్నదల్లా పగలగొట్టే మొద్దు చేతులని తనే చెప్పుకున్నాడు. 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. ప్రసంగాలు చేసే ఫాదర్‌గా కాదు, పనులు చేసే బ్రదర్‌గా. అలా బ్రదర్ లారెన్స్ అయ్యాడు.

మఠంలో ఆయనకు అప్పగించింది వంటపని. అదంటే ఆయనకు అసలు గిట్టదు. అయినా పదిహేనేళ్లు చేశాడు. పెనం మీద ఆమ్లెట్ తిరగేసినా, నేలమీది గడ్డిపరక తీసినా దేవుడి మీద ప్రేమతోనే చేయాలన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఒకసారి మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని బర్గండీకి పంపారు. బేరసారాలు తెలియవు. కాలు సహకరించక పడవలో పీపాల మీద దొర్లుతూ కదలాల్సి వచ్చింది. ‘ఇది నీ పనే ప్రభూ’ అని చెప్పుకుని వెళ్లాడు. పని సవ్యంగానే అయిందట.

వినడానికి హాయిగా ఉన్న ఈ కథ వెనుక ఉన్నవి కష్టమైన ఏళ్లు. మొదటి పదేళ్లు తాను ఎంతో వేదన పడ్డానని లారెన్స్ చెప్పుకున్నాడు. అందులో నాలుగేళ్లు తనకు రక్షణ లేదనే నమ్మాడు. ఎవరెంత నచ్చజెప్పినా ఆ భయం పోలేదు. చివరికి ఒక నిశ్చయానికి వచ్చాడు. తాను మఠంలో చేరింది దేవుడి మీద ప్రేమతో. తన గతి ఏమైనా, బతికినంత కాలం ఆ ప్రేమతోనే పనిచేస్తాడు. ఇక జీవితమంతా ఈ వేదనతోనే గడవాలి కాబోలని సరిపెట్టుకున్నాక, ఒక్కసారిగా మనసు తేలికపడింది. ఆ తర్వాత వంటింటి గిన్నెల చప్పుడులో, నలుగురు నాలుగు వైపుల నుంచి పిలుస్తున్నప్పుడు కూడా, ప్రార్థనలో మోకరించినంత ప్రశాంతంగా ఉండగలిగాడు.

ఆయన పాటించిన పద్ధతి చాలా చిన్నది. పని మొదలుపెట్టేముందు ఒక మాట ప్రభువుతో. మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా ఒక మాట. మనసు దారి తప్పితే తప్పు ఒప్పుకోవడం, దాన్నే తలచుకుని కుమిలిపోకుండా తిరిగి పనిలో పడటం. 1691లో ఆయన కన్నుమూశాక, ఆ ఉత్తరాలనూ సంభాషణలనూ ఒక మతగురువు పుస్తకంగా తెచ్చాడు. ‘ప్రాక్టీస్ ఆఫ్ ది ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’ పేరుతో దాన్ని నేటికీ చదువుతున్నారు.

ఇన్ని ప్రార్థనలు చేస్తే ఇంత కృప అని లెక్క కట్టడానికి సాధన వ్యాపారం కాదు. కృప ఉచితమన్నది క్రైస్తవ విశ్వాసానికి మూలం. రైతు వాన కురిపించలేడు. అలాగని దుక్కి దున్నకుండానూ ఉండడు. దున్నిన నేలలోనే వాన ఇంకుతుందని అతనికి తెలుసు. రోజూ చేసే ప్రార్థన, వాక్యధ్యానం, ఉపవాసం, గుప్పెడు బియ్యం... అన్నీ ఆ దుక్కే.

గుండె కదలని రోజున చేసిన ప్రార్థన వృథా పోదు. బహుశా అన్నిటికన్నా నిజాయతీ గలది అదేనేమో! ఆ రోజు అందులో పొందే సంతోషమేమీ లేదు, ఇచ్చిన మాట తప్ప. లారెన్స్ చూసిన చెట్టుకు చలికాలంలో ఒక్క ఆకూ లేదు. అయినా వేళ్లు నేలను వదల్లేదు.