ఐ.ఎన్.ఆర్. 2.1

మొన్న గుంటూరు నుంచి పిన్ని వాట్సాప్‌లో బాబాయి రక్తపరీక్ష ఫొటో పంపింది. బాబాయికి లివర్ సిర్రోసిస్ బాగా ముదిరింది. పొట్టలో నీరు చేరింది, మర్నాడు సూదితో తీస్తారట. ఐ.ఎన్.ఆర్. 2.1. మామూలుగా 1 దగ్గర ఉండాలి. నాకు గుండె జారిపోయింది.

"రక్తం గడ్డకట్టదు పిన్నీ, ముందు ప్లాస్మా ఎక్కించమని గట్టిగా అడుగు" అన్నాను. బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదివానని మా ఇంట్లో నా మాటకి కాస్త విలువ. పిన్ని అడిగింది. డాక్టరుగారు వద్దన్నారు. నాకు కోపం వచ్చింది.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చదివితే తెలిసింది, నాకు పాఠం సగమే గుర్తుందని. రక్తం గడ్డకట్టించే పదార్థాలు చాలావరకు లివర్‌లోనే తయారవుతాయి. కానీ గడ్డ మితిమీరకుండా ఆపే ప్రొటీన్ సి, యాంటీథ్రాంబిన్ లాంటివీ అక్కడివే. లివర్ చెడితే తక్కెడలో రెండువైపులా బరువు తగ్గుతుంది. ఐ.ఎన్.ఆర్. చూసేది ఒకవైపే. అసలది వార్ఫరిన్ వేసుకునేవాళ్ళ కోసం వచ్చిన లెక్క! అందుకే ఆ అంకె ఎక్కువున్నా, పేగుల నుంచి లివర్‌కి వెళ్ళే పోర్టల్ సిరలో గడ్డ కట్టిన రోగులున్నారు.

మరి ప్లాస్మా ఎక్కిస్తే పోయేదేముంది అనుకుంటాం. ఒక్కో సంచీ 200 నుంచి 250 మిల్లీలీటర్లు. నాలుగు ఎక్కిస్తే లీటరు దాకా. ఇప్పటికే నీరు పట్టిన ఒంట్లోకి ఇంకో లీటరు! పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది. అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లేది ఆ ఒత్తిడికే. ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, అరుదుగా ప్రాణాపాయమైన రియాక్షన్ కూడా రావచ్చు. ఇంతా చేసి ఆ అంకె తరచుగా పెద్దగా దిగదు, దిగినా కొద్ది గంటలే. పొట్టలో నీరు తీసేముందు మామూలుగా ప్లాస్మా గానీ ప్లేట్‌లెట్లు గానీ అక్కర్లేదని అమెరికా లివర్ వైద్యుల సంఘం 2021లోనే చెప్పింది.

రక్తపు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా సంగతి వేరు, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. పెద్ద ఆపరేషన్లకీ లెక్క వేరే ఉంటుంది.

బాబాయికి నాలుగు లీటర్లు తీశారు. సూది గుచ్చినచోట చిన్న ప్లాస్టర్, అంతే. ఆ సాయంత్రం పెరుగన్నం తిన్నాడట.

"మా అమ్మాయి అడగమంటేనే అడిగానండీ అని డాక్టరుగారితో చెప్పేశానే" అంది పిన్ని. నా తరఫున సారీ చెప్పమన్నాను. "నువ్వే చెప్పుకో" అని ఆయన నెంబరు పంపింది. ఇంకా ఫోన్ చేయలేదు.