మల్బరీ తోటను లారీలో ఎక్కించలేం



పోయిన నెల మన గ్రూపులో ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు. సరిహద్దు అవతల నుంచి ఏజెంటు షెడ్డు కాడికే వస్తా ఉన్నాడంట. మార్కెట్ ఫీజు లేదు, బండి బాడుగ లేదు, తెల్లవారుజామున లేచి క్యూలో నిలబడే పని లేదు. గూళ్లు ఆయనకే ఇచ్చేస్తే తప్పేముంది అని అడిగినాడు. కింద చానామంది సరే అన్నట్టు బొటనవేలు గుర్తు పెట్టినారు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. రెండు ముక్కల్లో చెప్పే మాట కాదని ఇప్పుడు రాస్తా ఉన్నాను.

పన్ను ఎక్కువైతే పక్క రాష్ట్రానికి పోవడం ఈ మధ్య పుట్టింది కాదు. మన కళ్ల ముందే హోసూరు ఉంది. 1970ల్లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ సిప్‌కాట్ పేరుతో ఇండస్ట్రీలకు స్థలం చూపించి, రాయితీలు ఇచ్చి పిలిచింది. బెంగళూరుకు 40 కిలోమీటర్లే. అశోక్ లేల్యాండ్, టీవీఎస్, టైటాన్ ఫ్యాక్టరీలు అట్లా సరిహద్దుకు అవతల నిలబడినాయి. బెంగళూరులో ఇల్లు, తమిళనాడులో పని. ఈ పొద్దుకీ రోజూ వేలమంది అత్తిబెలె దాటి పోయి వస్తా ఉంటారు.

ఇంకా పెద్ద కథ ఉత్తరాదిలో జరిగింది. 2003లో కేంద్రం హిమాచల్‌ప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలకు ఒక ప్యాకేజీ ఇచ్చింది. అక్కడ కొత్త ఫ్యాక్టరీ పెడితే పదేళ్లు ఎక్సైజు సుంకం లేదు, ఇన్‌కమ్‌టాక్స్‌లో కూడా మినహాయింపు. దాంతో హిమాచల్‌లో పంజాబ్, హర్యానా పక్కనే ఉండే బద్ది అనే ఊరు మందుల ఫ్యాక్టరీలతో నిండిపోయింది. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. మా పరిశ్రమలు తరలిపోతా ఉన్నాయని పంజాబ్, హర్యానా మొత్తుకున్నాయి. 2010 మార్చి తర్వాత పెట్టిన ఫ్యాక్టరీలకు ఆ ఎక్సైజు మినహాయింపు లేకుండా పోయింది.

కార్ల సంగతి వినే ఉంటారు. కేరళలో రోడ్డు టాక్సు ఎక్కువని కోట్ల రూపాయల కార్లను పుదుచ్చేరిలో దొంగ అడ్రసు పెట్టి రిజిస్టర్ చేయించినారని 2017లో పెద్ద గొడవ అయింది, సినిమా వాళ్ల మీద కూడా కేసులు పడినాయి. యానాం కాడ ఉండే మన వాళ్లకు ఇది కొత్తగా చెప్పబళ్లేదు. చుట్టూ ఆంధ్ర, మధ్యలో పుదుచ్చేరి రేటు. పెట్రోలు కోసం పక్క ఊళ్ల బండ్లు అక్కడికి వస్తానే ఉంటాయి.

అమెరికాలో ఉండే మన పిల్లలు కూడా ఇదే మాట మాట్లాడతా ఉంటారు. కాలిఫోర్నియాలో పై ఆదాయం మీద రాష్ట్రం పన్నే 13.3 శాతం దాకా ఉంది. టెక్సాస్‌లో రాష్ట్రం ఇన్‌కమ్‌టాక్సే లేదు. టెస్లా కంపెనీ 2021లో హెడ్డాఫీసును కాలిఫోర్నియా నుంచి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు మార్చుకుంది. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. అయితే అక్కడ ఇల్లు కొన్న వాళ్లను అడిగి చూడండి. ఇంటి పన్ను ఏటా ఎంత కడతా ఉన్నారో చెప్తారు. అమెరికాలో ఇంటి పన్ను ఎక్కువుండే రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. ఒక చేత్తో వదిలింది ఇంకో చేత్తో తీసుకుంటారు. రోడ్లు, బడులు ఊరికే రావు గదా.

వీటన్నిటిలో ఒక సంగతి గమనించండి. పోగలిగినవాడే పోతాడు. జీతగాడు పోతాడు, కారు పోతుంది, కంపెనీ పోతుంది. మన వృత్తిలోనే చూస్తే రీలరు కూడా పోగలడు. చరఖాలు, బేసిన్లు లారీలో వేసుకోవచ్చు. కష్టమే గానీ, ఆటోమేటిక్ రీలింగ్ మిషను కూడా విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చు. మనం? మల్బరీ ఒకసారి నాటితే పదిహేనేళ్ల దాకా ఆకు కోస్తాం. బోరు భూమిలో ఉంది. డ్రిప్పు పైపులు, షెడ్డు, చాకీ సెంటరు, నాలుగో జ్వరం లేచినాక రాత్రీ పగలూ ఆకు కోయడానికి వచ్చే కూలోళ్లు, అన్నీ ఇక్కడే. మల్బరీ తోటను లారీలో ఎక్కించలేం. పోగలిగినోళ్లు పోయినాక మిగిలిన ఖర్చు ఎవరి మీద పడుతుంది? పోలేనోళ్ల మీద. అంటే మన మీద.

ఇంతకీ మనం కట్టే పన్ను ఏందో ఒకసారి చూద్దాం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. పట్టుగూళ్ల మీద జీఎస్టీ లేదు, రా సిల్కు మీదా లేదు. నేసిన పట్టుబట్ట మీద 5 శాతం. అది కర్ణాటకలో అమ్మినా ఆంధ్రలో అమ్మినా తమిళనాడులో అమ్మినా ఒకటే. కాబట్టి గూళ్లను సరిహద్దు దాటించినందుకు జీఎస్టీలో మిగిలేది సున్నా.

మిగిలింది డీజిలు, మార్కెట్ ఫీజు. డీజిలు మీద పన్ను రాష్ట్రం చేతిలోనే ఉంది. కర్ణాటకలో 2024 జూన్‌లో డీజిలు మీద అమ్మకం పన్నును 14.3 శాతం నుంచి 18.4 శాతానికి పెంచినారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 21.17 శాతం చేసినారు. ఆటోకి, టెంపోకి బాడుగ పెరిగింది మన గూళ్ల సంచి మీదే. అయినా ఆంధ్ర లారీలు మన వైపు వచ్చి డీజిలు నింపుకుంటా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ ఇంకా ఎక్కువ. మనం ఏడ్చే రేటే పక్కవాడికి చవక. సరిహద్దు లెక్కలు ఇట్లే ఉంటాయి.

ఇంక మార్కెట్ ఫీజు. ఆ తమ్ముడి మెసేజ్ దీని గురించే. నేను కూడా ఒకసారి ఆ దారి తొక్కినోణ్ణే, అందుకే చెప్తా ఉన్నాను. కొన్నేళ్ల కింద వానకాలం పంట బాగా వచ్చింది. గూళ్లు విడిపించే రోజుకు అవతలి రాష్ట్రం నుంచి ఒక ఏజెంటు షెడ్డు కాడికి వచ్చినాడు. మార్కెట్ రేటే ఇస్తా, ఫీజు మిగుల్తుంది అన్నాడు. ఇంట్లో మేం తూచినప్పుడు 162 కిలోలు. ఆయన స్ప్రింగు తక్కెడలో 157. తేమ ఆరింది లేన్నా అన్నాడు. సగం డబ్బు చేతిలో పెట్టి, మిగతాది సోమవారం అన్నాడు. ఆ సోమవారం రావడానికి నలభై రోజులు పట్టింది. అందులో కూడా డబుల్ గూళ్లు ఎక్కువున్నాయని కోత. బిల్లు లేదు, చీటీ లేదు, ఎవరికి చెప్పుకోవాల? తప్పుదారిలో అమ్మింది నేనే గదా. మా ఆడమనిషి ఒకటే మాట అనింది. "ఫీజు మిగిల్చుకున్నావా?"

లెక్క వేసి చూడండి. 150 కిలోల లాటు, కిలో 600 అనుకుందాం. మొత్తం 90,000. ఫీజు నూటికి ఒక రూపాయి అనుకుంటే 900. ఇప్పుడు ఏజెంటు తక్కెడలో రెండు కిలోలు తగ్గి, రేటులో పది రూపాయలు తగ్గితే? 148 కిలోలు, 590 రూపాయలు. 87,320. పోయింది 2,680. తొమ్మిది వందలు మిగిల్చుకోబోయి దానికి మూడింతలు పోగొట్టుకున్నట్టు. బండి బాడుగ కలుపుకున్నా చాలామందికి ఇది గిట్టదు.

ఇంకో పెద్ద నష్టం మన లెక్కలో రానే రాదు. శిడ్లఘట్ట, రామనగర లాంటి మార్కెట్లో రేటు ఎట్లా పుడుతుంది? లాట్లు ఎక్కువ వస్తాయని రీలర్లు వస్తారు. రీలర్లు ఎక్కువ వస్తారని లాట్లు వస్తాయి. వాళ్లు ఒకరి మీద ఒకరు పాడితేనే మనకు నాలుగు రూపాయలు. హిందూపురం, మడకశిర వైపు నుంచి, కృష్ణగిరి, ధర్మపురి వైపు నుంచి రైతులు అంత దూరం బండి కట్టుకొని రామనగరకు ఎందుకొస్తా ఉన్నారు? ఫీజు తక్కువని కాదు. అక్కడ పాట ఉందని. మనం ఒక్కొక్కరం షెడ్డు కాడే అమ్ముకుంటా పోతే పాట పలచబడుతుంది. ఏజెంటు ఇచ్చే 'మార్కెట్ రేటు' కూడా ఆ మార్కెట్ నుంచి వచ్చిందే. మార్కెట్టే లేకపోతే ఆయన ఏ రేటు చెప్తాడు? ఆయన నోటికొచ్చిన రేటు.

1959లో గూళ్ల అమ్మకం మీద చట్టం తెచ్చింది అందుకే. ప్రభుత్వ మార్కెట్లో, అందరి ముందర వేలంలో అమ్మాలని పెట్టినారు. అంతకు ముందు దళారి ఇంటికొచ్చి చెప్పిందే రేటు, చూపించిందే తూకం అని మా తాత చెప్పేవాడు. అరవై ఏళ్ల కింద పెద్దోళ్లు కష్టపడి వదిలించుకున్న దళారిని మనం ఫోను చేసి మళ్లీ పిలుచుకుంటా ఉన్నాం.

అట్లని మార్కెట్లు బంగారం అని నేను అనను. ఫలానా మార్కెట్ అని పేరు చెప్పను గానీ, శాంపిల్ పేరుతో పిడికిళ్లు పిడికిళ్లు గూళ్లు పోయింది నేను చూసినాను. మిషను పని చేయక మధ్యాహ్నం దాకా కూచున్న రోజులున్నాయి. ఆడోళ్లకు సరైన మరుగుదొడ్డి లేదు. ఇట్లా ఉంటే రైతు ఏజెంటు వైపు పోకుండా ఏం చేస్తాడు? కట్టే డబ్బుకు పని జరగడం లేదనే కోపమే పన్ను మీద కోపంగా మారుతుంది.

కంపెనీలు కూడా పన్ను ఒక్కటే చూసి కదలవు. 2025 సెప్టెంబరులో లారీల యాప్ నడిపే బ్లాక్‌బక్ కంపెనీ పెద్దాయన బెంగళూరు బెళ్లందూరు నుంచి ఆఫీసు మార్చుకుంటామని రాసినాడు. ఆయన చెప్పిన కారణం పన్ను కాదు. ఆఫీసుకు రావడానికి గంటన్నర పైన పడుతోంది, రోడ్లనిండా గుంతలు, దుమ్ము అన్నాడు. వెంటనే ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ మా విశాఖకు రండి అని పిలిచినాడు. అంతకు రెండు నెలల ముందు దేవనహళ్లి కాడ రైతులు పోరాడి 1,777 ఎకరాల భూసేకరణ ఆపించుకున్నప్పుడు కూడా, విమానాల కంపెనీలను మా దగ్గర రాయితీలున్నాయి, బెంగళూరు పక్కనే 8,000 ఎకరాలకు పైగా భూమి ఉంది, రండి అన్నాడు.

పిలవడం తప్పని నేను అనను. మన పిల్లలకు ఉద్యోగాలు రావాల. కానీ రాష్ట్రాలు పోటీ పడి రాయితీలు ఇచ్చేది కదలగలిగినోళ్లకే. కదలలేని రైతును ఎవరూ పిలవరు, బతిమాలరు, ఎందుకంటే వాడు యాడికీ పోడని అందరికీ తెలుసు. బెదిరించే బలం మనకు లేదు. కాబట్టి మనకుండేది ఒకటే, నలుగురం కలిసి అడగడం.

నా మాట ఏమంటే, ఫీజు ఎగ్గొట్టడం వద్దు, ఫీజుకు లెక్క అడుగుదాం. మార్కెట్ గోడ మీద బోర్డు పెట్టమందాం. ఈ నెల ఎన్ని కిలోలు వచ్చినాయి, ఫీజు ఎంత వసూలైంది, దేనికి ఖర్చు పెట్టినారు అని. శాంపిల్‌కు తీసిన గూళ్లు తూచి మళ్లీ లాట్లో కలపమందాం. డబ్బు అదే రోజు బ్యాంకులో పడాలని అడుగుదాం. కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు మూడు రాష్ట్రాల పట్టు శాఖలు కూచొని ఫీజు ఒకటే పెట్టుకుంటే, ఒక చోట కట్టిన రసీదు ఇంకో చోట చెల్లితే, సరిహద్దు ఏజెంటుకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. సరిహద్దుకు రెండు వైపులా మన చుట్టాలే ఉన్నారు. ఇది అడగడానికి మనకంటే తగినోళ్లు ఎవరు?

వాయిస్ మెసేజ్ పెట్టిన తమ్ముడికి ఒక మాట. వచ్చే పంటకు ఇంట్లో తూచి రాసి పెట్టుకో. ఒక లాటు మార్కెట్‌కు తీసుకురా, బాడుగ, ఫీజు అన్నీ తీసేసి చేతికి ఎంత వచ్చిందో రాసుకో. ఏజెంటు చెప్పిన రేటుతో పక్కన పెట్టి చూడు. నా లెక్క తప్పైతే ఇదే గ్రూపులో చెప్పు, నేను ఒప్పుకుంటా. సరైతే ఆ చీటీ ఫోటో పెట్టు. మిగతా వాళ్లు కూడా చూస్తారు.