మౌత్‌పీస్ కొనేముందు పిల్లల చేత ఊదించండి

బ్యాండ్‌లో క్లారినెట్ నేర్చుకునే పిల్లలకు కొత్త మౌత్‌పీస్ కావాలనగానే ఆన్‌లైన్‌లో ఖరీదైనది ఆర్డర్ పెట్టేయకండి. మౌత్‌పీస్ కొనకూ రీడ్‌కూ మధ్య సందు ఎక్కువైతే మెత్తని రీడ్ కావాలి. దానికి గట్టి రీడ్ బిగిస్తే చిన్నపిల్లల ఊపిరి చాలదు, స్వరం పలకదు. 'నాకు రాదు మిస్' అంటూ పక్కన పెట్టేస్తారు. అది చేతకానితనం కాదండీ! నయాపూల్ మీదుగా వెళ్లే బరాత్‌లో క్లారినెట్ ఊదే ఆయనకు నప్పేది మన అయిదో తరగతి అమ్మాయికి నప్పాలని లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మధ్యరకం సందు, 2 లేదా 2.5 నంబరు రీడ్ చాలు. సెకండ్‌హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, కొన పెచ్చు ఊడి ఉండకూడదు, అంతే. పాపనూ, తన క్లారినెట్‌నూ షాపుకు తీసుకెళ్లండి. ఊదనివ్వకపోతే ఇంకో షాపు చూసుకోండి.